మానసిక ఆరోగ్యం, వ్యసన విముక్తి కౌన్సెలింగ్‌లో పీజీ: బీకాం తరువాత ఏ దారి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బీకాం చదివి, నాలుగేళ్లుగా హైదరాబాదులో ఒక ఐటీ సంస్థలో పనిచేస్తున్నారు. మీ నాన్నగారి తాగుడు వల్ల ఇల్లు పడిన అవస్థ చూశాక ఈ రంగంలోకి రావాలన్న ఆలోచన బలపడింది. దూరవిద్యలో ఎం.ఎ. సైకాలజీ సరిపోతుందా, లేక రెగ్యులర్ పీజీ చేయాలా, అమెరికా వెళ్లడం మంచిదా, మగవాళ్ల వార్డులో ఒక ఆడపిల్ల పనిచేయగలదా అని అడిగారు. నేను ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఆ పైన సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎం.ఫిల్. చేసి, పదిహేనేళ్లుగా ఆసుపత్రి వార్డుల్లోనూ వ్యసన విముక్తి కేంద్రాల్లోనూ పనిచేస్తున్నాను కాబట్టి, నేను నడిచిన దారి మేరకు జవాబు చెబుతాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. "వ్యసన కౌన్సెలింగ్" అన్న పేరు కోసం వెతకకండి. మానసిక వైద్య వార్డులో, పెద్దవాళ్ల పర్యవేక్షణలో, ఎక్కువ గంటలు పనిచేయించే రెగ్యులర్ పీజీ కోసం వెతకండి. మీకున్న బీకాంతో సులువుగా అందే దారి, మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ స్పెషలైజేషన్ ఉన్న ఎం.ఎస్.డబ్ల్యూ. సైకాలజీకి దూరవిద్య దారి ఇప్పుడు మూసుకుపోయింది. అమెరికా దారి తెరిచే ఉంది గాని, అక్కడి లైసెన్సు గడువుకూ వీసా గడువుకూ పొంతన కుదరదు.

వార్డు ఉండి తీరాలని ఎందుకంటున్నానో చెప్పాలంటే, నా మొదటి ఏడాదిలో నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి. నలభై ఏళ్ల లారీ డ్రైవరు ఒకాయన మందు మానిపించడానికి చేరాడు. రెండో రోజు సాయంత్రం నేను మాట్లాడబోతే ముఖం తిప్పుకున్నాడు, అడిగినదానికి సంబంధం లేని జవాబులిచ్చాడు, మధ్యలో లేచి వెళ్లిపోబోయాడు. నేను కేస్ షీటులో "సహకరించడం లేదు, మానాలన్న ఉద్దేశం లేదు" అని రాసి వచ్చేశాను. గంట తరువాత డ్యూటీలో ఉన్న సిస్టరు నన్ను పిలిచి, దుప్పటి మీద ఆయన వేళ్లు చూడమన్నారు. లేని చీమలను ఒక్కొక్కటిగా ఏరి కింద పడేస్తున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. తానున్నది లారీ యార్డు అనుకుంటున్నాడు. అది మొండితనం కాదు, డెలీరియం ట్రెమెన్స్. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే సాధారణంగా రెండు, మూడు రోజుల మధ్య ముంచుకొచ్చే ప్రమాదకరమైన స్థితి అది. దానికంటే ముందే ఫిట్స్ కూడా రావచ్చు. సరైన సమయంలో మందులు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు పడకపోతే ప్రాణం పోతుంది. అప్పటికి నేను ఈ విషయమంతా చదివే ఉన్నాను, పరీక్షలో పదిహేను మార్కుల జవాబు కూడా రాశాను. మంచం మీద ఉన్న మనిషిలో మాత్రం గుర్తుపట్టలేకపోయాను. వార్డు లేని కోర్సులో చదివినవాళ్లు ఇలాంటి తప్పు తమ సొంత గదిలో, పక్కన ఏ సిస్టరూ లేనప్పుడు చేస్తారు.

రెండో కారణం, మానసిక ఆరోగ్యం, వ్యసన విముక్తి అన్న ఈ రెండు చదువులూ నిజానికి రెండు కావు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యాన్ని నిర్వచించేటప్పుడే మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా అందులో చేర్చింది. వార్డులో చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దిగులుతో నిద్రపట్టక తాగడం మొదలుపెట్టినవాడు, తాగి తాగి దిగులులోకి జారినవాడు పక్కపక్క మంచాల మీదే ఉంటారు. వారిద్దరిలో ఎవరు ఎవరో తేల్చుకోవడానికి ఒక్కోసారి మూడు, నాలుగు వారాలు మద్యం లేకుండా గడిచాక మళ్లీ చూడవలసి వస్తుంది. గంజాయితో వచ్చిన కుర్రవాడి భ్రమలు దానితోనే పోతాయా, స్కిజోఫ్రీనియాకు మొదటి మెట్టా అన్నది కూడా అంతే. వ్యసనం ఒక్కటే నేర్చుకున్న కౌన్సెలర్ వీరిలో సగం మందిని అపార్థం చేసుకుంటాడు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి ఏ ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోనూ సరిగా కనిపించదు. తెలంగాణ పల్లెల్లో కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలపడం చాలాకాలంగా ఉన్నదే. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు, కల్లు మత్తు తగ్గడంతో వందల మంది ఫిట్స్‌తో, అయోమయంతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఆ రోజుల్లో కిటకిటలాడింది. ఆ సమయంలో నేను చూసినవారిలో పాలమూరు నుంచి వచ్చిన యాభై ఏళ్ల ఆవిడ ఒకరు. ఆమె భర్త మాటిమాటికీ "మా ఆమెకు తాగుడు అలవాటు లేదమ్మా, పొద్దూకితే రెండు సీసాల కల్లే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన దృష్టిలో కల్లు అంటే తాగుడు కాదు, పని చేసి వచ్చాక ఒళ్లునొప్పులకు తీసుకునేది. ఆమె ఏళ్లుగా తీసుకుంటున్నది నిజానికి నిద్రమాత్రల జాతి మందు అనీ, దాన్ని ఒక్కసారిగా ఆపకుండా మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలనీ ఆ కుటుంబానికి అర్థమయ్యేలా చెప్పడమే అక్కడ నా పని. సోషల్ వర్క్ శిక్షణ ఉపయోగపడేది ఇలాంటి చోటే.

కొలతల సంగతి కూడా ఇలాంటిదే. మద్యపానాన్ని అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. అందులో మొత్తం మార్కులు 40. ప్రశ్నలు "స్టాండర్డ్ డ్రింక్" లెక్కలో ఉంటాయి, ఒక డ్రింక్ అంటే పది గ్రాముల ఆల్కహాల్. మన దగ్గర మనిషి "ఒక్క క్వార్టరే మేడం, అంతకంటే ముట్టను" అంటాడు. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో, 42.8 శాతం లెక్కన, దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే ఒక్క క్వార్టరు ఆరు డ్రింకులు. ఈ గుణకారం రాని విద్యార్థి "రోజుకు ఒకటి" అని రాసుకుని, ప్రమాదంలో ఉన్న మనిషిని మామూలు తాగుబోతుగా ఇంటికి పంపేస్తాడు. నా దగ్గరకు ఫీల్డ్ వర్క్‌కు వచ్చే పిల్లలకు మొదటి వారంలో నేర్పేది ఇదే. మానసిక బాధ గురించి అడిగేటప్పుడు కూడా అంతే. "మీకు డిప్రెషన్ ఉందా" అంటే లేదంటారు. "మనసు మనసులో ఉండటం లేదా, తల బరువుగా ఉంటోందా, తిన్నది ఒంటికి పడుతోందా" అని అడిగితే గంటసేపు చెబుతారు. చదువు ఇంగ్లీషులోనే సాగినా, మీ కేసు నోట్సులో రోగి అన్న మాటను అన్నట్టే తెలుగులో రాసుకునే అలవాటు మొదటి సెమిస్టరు నుంచే చేసుకోండి.

ఇక కోర్సుల విషయానికి వస్తాను.

ఎం.ఎస్.డబ్ల్యూ. ఏ డిగ్రీ ఉన్నవారైనా దీనికి అర్హులే. ఉస్మానియాలో, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చెబుతారు. గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కళాశాల సోషల్ వర్క్‌కే పేరున్న పాత సంస్థ. వారంలో కొన్ని రోజులు తరగతి, కొన్ని రోజులు ఫీల్డ్ వర్క్, చివర బ్లాక్ ప్లేస్‌మెంట్, అంటే కొన్ని వారాలు పూర్తిగా ఒకే సంస్థలో పని, అన్నది ఈ చదువు స్వరూపం. ఫీల్డ్ వర్క్ ఎక్కడ వేస్తారన్నదే ఇందులో ప్రాణం. దీని తరువాత సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో పై చదువు చేస్తే, పైన చెప్పిన చట్టం గుర్తించే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అవుతారు. మానసిక వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ విభాగమూ ఉంది, వ్యసన వైద్యానికి ప్రత్యేక కేంద్రమూ ఉంది. నేను అక్కడ చదవలేదు, కానీ అక్కడ చదివివచ్చినవారితో పనిచేశాను, వారి కేసు రాతలోనే తేడా కనిపిస్తుంది.

క్లినికల్ సైకాలజీ. పరీక్షలు పెట్టి మనస్తత్వ నిర్ధారణ చేయాలన్నా, క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలన్నా భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, నమోదు తప్పనిసరి. ఇన్నాళ్లూ అందుకు దారి రెండేళ్ల ఎం.ఫిల్. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలు ఎం.ఫిల్.ను ఎత్తివేశాయి. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025–26 వరకు ప్రవేశాలకు వీలు కల్పించారు. ఆర్‌సీఐ తన వంతుగా రెండేళ్ల ఎం.ఎ. క్లినికల్ సైకాలజీ వంటి కొత్త కోర్సులు తెచ్చింది. కాబట్టి పాత సీనియర్లు చెప్పే "ఎం.ఎ., ఆ తరువాత ఎం.ఫిల్." అన్న సూత్రాన్ని ఇప్పుడు యథాతథంగా నమ్మకండి. దరఖాస్తు చేసే రోజున ఆర్‌సీఐ జాబితాలో ఆ కళాశాల, ఆ కోర్సు, ఆ విద్యాసంవత్సరం మూడూ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. మీది బీకాం కాబట్టి డిగ్రీలో సైకాలజీ ఉండాలన్న షరతు ఉందేమో కూడా అక్కడే తేల్చుకోండి.

దూరవిద్య. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి సైకాలజీ కూడా వస్తుంది. ఆ కారణంగా 2025 జూలై–ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని అందించవద్దని విశ్వవిద్యాలయాలకు యూజీసీ చెప్పింది. ఉద్యోగం వదలకుండా చదవాలనుకునేవారికి ఇది కష్టమైన వార్తే. నాకు మాత్రం ఆ నిర్ణయం సబబుగానే తోచింది. దూరవిద్యలో చదివి బాగా పనిచేస్తున్నవారిని నేను ఎరుగుదును, వారందరూ ఆ తరువాత ఎక్కడో ఒకచోట జీతం లేకుండా రెండేళ్లు వార్డులో నిలబడినవారే. ఇంతకుముందే ఆ డిగ్రీ తీసుకున్నవారిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు.

ఇవి కాక ఆరు వారాలవి, మూడు నెలలవి "డీ-అడిక్షన్ కౌన్సెలర్" సర్టిఫికెట్లు బోలెడు దొరుకుతాయి. ఇప్పటికే ఈ పనిలో ఉన్నవారికి అవి పనికొస్తాయి. 1980లో శాంతి రంగనాథన్ గారు చెన్నైలో స్థాపించిన టీటీకే సంస్థ వంటివి దశాబ్దాలుగా ఈ రంగంలోని వారికి నిజమైన శిక్షణ ఇస్తున్నాయి. కానీ పీజీకి బదులుగా సర్టిఫికెట్ తీసుకోవడం వేరు, పీజీకి తోడుగా తీసుకోవడం వేరు.

అమెరికా సంగతి. అక్కడ ఈ చదువు మన దగ్గరకంటే కట్టుదిట్టంగా ఉంటుందన్న మాట నిజం. కౌన్సెలింగ్ కోర్సులకు అక్కడ గుర్తింపునిచ్చే సీఏసీఆర్‌ఈపీ అనే సంస్థ గుర్తింపు ఉన్న మాస్టర్స్ అంటే కనీసం 60 క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ అనే తొలి శిక్షణ, ఆ పైన 600 గంటల ఇంటర్న్‌షిప్. వ్యసన కౌన్సెలింగ్‌కు అందులోనే ప్రత్యేక శాఖ కూడా ఉంది. చిక్కు ఆ తరువాత వస్తుంది. లైసెన్సు రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌నే తీసుకుంటే, డిగ్రీ అయ్యాక పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచేయాలి, అదీ 18 నెలలకు తక్కువ కాకుండా. విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి చదువు తరువాత పనిచేయడానికి దొరికే ఓపీటీ అనే అనుమతి పన్నెండు నెలలు మాత్రమే. కంప్యూటర్ చదువులకు వచ్చే అదనపు రెండేళ్లు మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌కు వర్తించవు. అంటే లైసెన్సు చేతికి రాకముందే ఓపీటీ అయిపోతుంది. ఈలోగా హెచ్1బీ ఉద్యోగ వీసా ఇప్పించే యజమాని దొరకాలి. భర్త గాని భార్య గాని ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడి, పని అనుమతి చేతిలో ఉన్నవారికి ఇది చక్కని దారి. డాలస్‌లో నా విద్యార్థిని ఒకామె అలాగే చదివి, తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ కావాలంటూ వచ్చే కుటుంబాలతో తీరిక లేకుండా ఉంది. అప్పు చేసి, ఒంటరిగా, విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి మాత్రం నేను వెళ్లమని చెప్పను. అక్కడి డిగ్రీతో తిరిగివస్తే ఇక్కడి ఆర్‌సీఐ నమోదు దానంతట అది రాదు.

కళాశాల ఎంచుకునేటప్పుడు ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి, అక్కడ రెండో ఏడాది చదువుతున్న విద్యార్థిని టీ తాగడానికి పిలిచి అడగండి. ఫీల్డ్ వర్క్‌లో ఈ నెల ఎంతమంది రోగులతో స్వయంగా మాట్లాడారు? మీ కేసు నోట్సు ఎవరు చదువుతారు, చదివి ఎర్రసిరాతో ఏమైనా రాస్తారా, ఊరికే సంతకం పెడతారా? డీటాక్స్, అంటే మత్తు దింపే చికిత్స, జరిగే వార్డు చూశారా, లేక రోగి కోలుకున్నాక జరిగే ఉపన్యాసాలకే పంపారా? కుటుంబ సభ్యులతో విడిగా కూర్చోబెట్టారా? సంతకాల కోసమే ఫీల్డ్ వర్క్ డైరీ రాయించే చోట మీ రెండేళ్లు పోగొట్టుకోవద్దు.

జీతం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వ్యసన చికిత్సా కేంద్రం చేసిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం దేశంలో మద్యం విషయంలో సహాయం అవసరమైనవారు 5.7 కోట్ల మంది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందినవారు 38 మందిలో ఒక్కరే. ఇంత అవసరం ఉంది కాబట్టి జీతాలు బాగుంటాయని అనుకోకండి. స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాల్లో మొదటి జీతం మీ ఇప్పటి జీతంలో మూడో వంతు ఉన్నా గొప్పే. కార్పొరేట్ ఆసుపత్రుల్లో, కొన్ని ప్రైవేటు కేంద్రాల్లో కొంత మెరుగు. ప్రైవేటు కేంద్రంలో చేరేముందు దానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ నమోదు ఉందో లేదో చూడండి. చదువు పూర్తయిన కొత్తలో నేను ఒక కేంద్రంలో నాలుగు నెలలు పనిచేశాను. అర్ధరాత్రి వ్యాను పంపి మనుషులను ఎత్తుకొచ్చి, ఆ తెల్లవారి నన్ను పిలిచి "మోటివేషన్ ఇవ్వండి మేడం" అనేవారు. తాళం వేసిన గదిలో కూర్చున్న మనిషి, బయటకు వెళ్లడానికి ఏం చెప్పాలో అదే చెబుతాడు. ఆ నాలుగు నెలల్లో నేను రాసిన నోట్సు దేనికీ పనికిరావని నాకే తెలుసు.

మీ నాన్నగారి విషయం కొంచెం జాగ్రత్తగా చెబుతున్నాను, తప్పుగా అనుకోకండి. ఈ రంగంలోకి వచ్చేవారిలో చాలామంది ఇంట్లో తాగుడు చూసి వచ్చినవారే. అందులో దోషం లేదు, కాని ప్రతి తాగుబోతు మంచం మీదా మీకు మీ నాన్నగారే కనిపించే ప్రమాదం ఉంది. నా దగ్గర శిక్షణ పొందిన ఒక అబ్బాయి రోగుల భార్యలతో ఎంతో ఓర్పుగా ఉండి, రోగులతో మాత్రం కటువుగా మాట్లాడేవాడు. మూడు నెలలకు గాని అతనికే ఆ సంగతి తెలియలేదు. దరఖాస్తుకు ముందు రెండు నెలలు, తాగుడు మానేసినవారు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలు బయటివారిని కూడా అనుమతించే ఓపెన్ మీటింగులకు వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. హైదరాబాదులోనూ విశాఖలోనూ అవి జరుగుతాయి. మానేసి పదేళ్లయినవారు తమ కథ చెబుతుంటే మీకు కోపం వస్తోందా, ఏడుపు వస్తోందా, కుతూహలం కలుగుతోందా గమనించుకోండి. ఏది వచ్చినా ఫరవాలేదు, మీ పర్యవేక్షకులకు మాత్రం మొదటి రోజే చెప్పండి. మరొక మాట: కోర్సులో చేరాక మీ నాన్నగారికి మీరే కౌన్సెలింగ్ చేయబోకండి. బజారులో దొరికే "మందు మాన్పించే పొడి" అన్నంలో తెలియకుండా కలిపే పని ఇంట్లో ఎవరైనా చేస్తుంటే మాత్రం ఈరోజే ఆపించండి. అందులో డైసల్ఫిరామ్ వంటిది ఉంటే, ఆ సంగతి తెలియని మనిషి దాని మీద తాగినప్పుడు గుండెకే ముప్పు. ఆయనకు సహాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు, 14416కు, ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

చివరి ప్రశ్న, మగవాళ్ల వార్డులో ఆడపిల్ల. పనిచేయగలదు, నేను చేశాను. మొదటి వారం కొందరు వెకిలిగా మాట్లాడతారు, ఇంకొందరు సిగ్గుతో నోరు విప్పరు, ఎక్కువమంది "అమ్మా" అనేస్తారు. మత్తు దిగని మనిషితో మాట్లాడేటప్పుడు కుర్చీ తలుపు వైపు ఉండేలా చూసుకోండి, తలుపు ఓరగా తెరిచి ఉంచండి, వార్డు బాయ్‌కి ఎక్కడున్నారో చెప్పి వెళ్లండి, సొంత ఫోను నంబరు ఎవరికీ ఇవ్వకండి. చున్నీ, మెడలో గొలుసు ఆ గదిలోకి తీసుకువెళ్లకండి. డిశ్చార్జి అయినవారు కృతజ్ఞతతో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు పిలుస్తారు, వెళ్లకండి. ఆహ్వాన పత్రిక తీసుకుని, ఫాలో-అప్ తేదీ దాని వెనక రాసి వాళ్లకే తిరిగి ఇచ్చేయండి.